మగ్గానికి ఊగిన చేపల సీస

నిన్న కరెంటు పోయి మా అక్వేరియంల బుడగలు ఆగినయి. చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తుంటే చిన్నప్పటి గద్వాల ఇల్లు యాదికొచ్చింది.

నా చేపపిల్లల గాజు సీస మగ్గం గుంజకు ఏలాడుతుండె. నాయిన నేస్తుంటే సీస ఊగేది, నీళ్లు కదిలేవి, చేపలు హాయిగ తిరిగేవి. మగ్గాలున్న ఇండ్లల్ల పెరిగినోళ్లు, ఆ నూలు గంజి వాసన, మగ్గం పలక చప్పుడు యాదికున్నయా?

అమాస నాడు మగ్గం ముట్టరు. ఓ అమాసకు చేపలు గిట్లనే నోర్లు తెరిచినయి. నేను ఏడుస్తుంటే నాయనమ్మ నాయినతోని అన్నది:

"అమాస మనకురా, చేపలకు కాదు. జర ఊపు."

నాయిన సీసను విప్పి, ఒళ్లె పెట్టుకొని, పొద్దుగూకేదాక పసిపిల్లను ఊపినట్టు ఊపిండు.

నిన్న నేను అక్వేరియంల నీళ్లు చెంబుతోని ముంచి, ఎత్తు నుంచి మళ్ల అండ్లనే పోసుకుంట కూసున్న. కరెంటొచ్చినా ఆపబుద్ధి కాలే.