మగ్గం మీద తేనెపిట్ట

తొంభైల చివర్లో చెల్లెలి పెళ్లిచీర తెచ్చుకుందామని ధర్మవరం వెళ్లాను. నేను చెప్పి నేయిస్తున్న ఎర్ర చీర సగంలోనే ఉంది. మగ్గం ఆగిపోయి ఉంది. దాని పైతాడుకు చిన్న గూడు వేలాడుతోంది. అందులోంచి వంపు తిరిగిన సన్నటి ముక్కు ఒకటి బయటికొచ్చింది.

"హమ్మింగ్ బర్డ్!" అన్నాను, టీవీలో చూసిన జ్ఞానంతో. అది మన తేనెపిట్టేనని తర్వాత తెలిసింది.

"మేము గోరంట్లకు పెళ్లిపనులకని పోయొచ్చేలోపల కట్టేసిండాదప్పా," అన్నాడు నేతాయన. "పిల్లలు ఎగిరిపోయేదాంకా మగ్గం ఆడదు."

"వచ్చే వారమే పెళ్లి!" విసుక్కున్నాను.

"పక్కింట్లో మంచి చీర ఉండాది. రాప్పా, ఇప్పిస్తా."

తన బేరం వదులుకుని ముందు నడిచాడు. గడప దాటుతూ వెనక్కి చూశాను. గూట్లో గడ్డిపరకల మధ్య ఎర్ర పట్టుపోగులు మెరుస్తున్నాయి. మా చెల్లెలి చీరవే అవి.