ఎల్లారావు నెత్తిన గంప

పోర్టులో క్రేను నడిపే ఎల్లారావుకు గర్వం కాస్త ఎక్కువే. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేలకు నలభై అడుగుల ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని, ఓడల్లోంచి బొగ్గూ ఎరువూ తోడి ఒడ్డున పోస్తున్నాడు. లోడు చూడగానే ఎన్ని టన్నులో కంటిచూపుతో చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం మంచినీళ్ళ గ్లాసు కూడా భార్య చిట్టమ్మే అందించాలి.

"షిఫ్టంతా టన్నులెత్తి వచ్చాను. ఇంక గ్లాసులు కూడా ఎత్తమంటావేటి?" అనేవాడు.

ఆ టన్నులు ఎత్తేది మోటారని చిట్టమ్మ ఎన్నడూ అనలేదు. అనడానికి ఆవిడకు తీరికేదీ? తెల్లారేసరికి ఫిషింగ్ హార్బరుకు పోయి, చేపల గంప నెత్తిన పెట్టుకుని పాతనగరం సందులన్నీ తిరిగి రావాలి.

ఏటా జరిగే వైద్య పరీక్షలో ఈ గర్వానికి గాలి పోయింది. షుగరు హద్దు దాటింది. మడమ ఎముకను చూసే మిషనేమో ఎముకలు పలచబడుతున్నాయంది. అసలు అవమానం వేరే ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమన్నారు డాక్టరు ఆశగారు. మూడోసారికి ఎల్లారావు బల్ల పట్టుకున్నాడు. నాలుగోసారికి డాక్టరుగారి చెయ్యే పట్టుకున్నాడు.

"మూడు నెలలు మీరు క్రేను ఎక్కకూడదు, కింద డ్యూటీ వేస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే ఇక ఎప్పటికీ కిందే" అన్నారావిడ.

కింద డ్యూటీ అంటే ఎప్పటిలాగే మధ్యాహ్నం రెండింటికి వచ్చి, క్రేనుకు బదులు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకోవడం. తన క్రేనును ఇంకొకడు తిప్పుతుంటే మెడ ఎత్తి చూస్తూ బతకాలి.

"రోజుకి రెండు వేల టన్నులు ఎత్తుతానమ్మా! అలాటోడికి ఎముకలు పలచబడ్డమేటి?"

డాక్టరుగారు నవ్వు ఆపుకున్నారు. "ఎత్తేది క్రేను, మీరు కూర్చుంటారు. ఎముక లోపల రోజూ పాతది కూల్చి కొత్తది కట్టుకునే పని జరుగుతూనే ఉంటుంది ఎల్లారావుగారూ. దానిమీద బరువు పడితేనే కట్టమన్న కబురు అందుతుంది. కూర్చునే ఉంటే కూల్చేదే ఎక్కువవుతుంది. కాళ్ళ కండలకు పని చెబితే రక్తంలోని చక్కెరను లాక్కుని ఖర్చు పెడతాయి. చెప్పకపోతే ఆ చక్కెర అక్కడే తిరుగుతుంటుంది. నిలబడండి, నడవండి, కొంచెం కొంచెంగా బరువు మోయండి."

మర్నాటి నుంచి ఎల్లారావు నిలబడ్డాడు. నిలబడి టీవీ చూశాడు, నిలబడి అన్నం తిన్నాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని వేలాడాడు. వారం రోజులు ఓపిక పట్టి చూసింది చిట్టమ్మ.

"ఒట్టినే గుంజలాగ నిలబడితే ఏటవుద్ది మావా? పొద్దున్నే నాతో రా. నీకూ ఓ గంప ఎత్తుతాను."

వాళ్ళ పేటలో గంప మోసేది ఆడవాళ్ళే. మగాడు పడవ మీదైనా ఉండాలి, ఉద్యోగంలోనైనా ఉండాలి. నెత్తిన గంపతో కనబడ్డాడో, పేటంతా మూడు రోజులు నవ్వుకుంటుంది. ఎల్లారావును చూసి మూడు వారాలు నవ్వుకున్నారు. చిట్టమ్మ అతని నెత్తిన చుట్టకుదురు పెట్టి, తన చేత్తోనే గంప ఎత్తి, పైన ఐసు వేసి తడిగోనె కప్పింది. ఆ ఐసు కరిగి చొక్కాలోకి కారింది. ఓ కాకి గోనె మీద వాలి, కోట వీధి దాకా ఉచితంగా ప్రయాణం చేసింది. రోజూ చిట్టమ్మ దగ్గర చేపలు కొనే జమాలున్నీసా తలుపు తీసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"అరె చిట్టమ్మా, కొత్త కోడల్ని తెచ్చుకున్నావా? మీసాలు కూడా ఉన్నాయే!"

క్రేనులో ఇప్పుడు తన బదులు కూర్చుంటున్న త్రినాథరావు ఎదురుపడి, "బావా, లోడెంత? పర్మిట్టుందా?" అన్నాడు. ఎల్లారావు పళ్ళు కొరుక్కున్నాడు గానీ గంప దించలేదు. క్రేను కోసం ఏ మాటైనా పడతాడు.

ఒక్కటే అతన్ని తినేసింది. ఎన్నాళ్ళు మోసినా గంప తేలికవలేదు. మొదటిరోజు మెడ ఎంత బిగిసిందో పన్నెండో వారమూ అంతే బిగిసింది. పరీక్ష రోజు పొద్దున్న హార్బరులో నెత్తికెక్కిన గంపను మళ్ళీ దించేసి, గట్టు మీద కూలబడ్డాడు.

"నాను ఆస్పత్రికి రాను. మూడు నెలలయినాది, గంప పిసరంత తేలికవనేదు. నా ఒళ్ళు మారనేదు సిట్టమ్మా. నాకింక ఆ గేటుకాడ కుర్సీయే గతి."

చిట్టమ్మ ఆ గంపను తీసుకెళ్ళి, పక్కనున్న కాటా మీద పెట్టింది. కాటా పద్నాలుగు కిలోలు చూపించింది.

"మొదటిరోజు ఎంత ఎత్తానో తెల్సా? మూడు."

"మరి రోజూ అంతే బరువుండీది గదే!"

"వారం వారం నానే కొంచెం కొంచెం ఏసీదాన్ని. పెళ్ళయి వచ్చిన కొత్తలో మీ అమ్మ నాకు ఇలాగే నేర్పింది. బరువు పెంచుతన్నామని సెప్తే మనిసి ముందే బయపడిపోద్ది, సెప్పకూడదనీది. మన పేటలో కొత్త కోడళ్ళందరికీ ఇదే పద్దతి."

ఎల్లారావు ఆ అంకెనే చూస్తూ ఉండిపోయాడు. టన్నుల్లో ఆరితేరినవాడికి తన నెత్తి మీద పదకొండు కిలోలు పెరిగిన సంగతి తెలియలేదు. సిగ్గేసింది. అంతకు పదింతలు సంతోషమేసింది. చనిపోయిన తల్లి మీద కోపం కూడా వచ్చింది. కోడలికి ఇంత విద్య నేర్పిన మనిషి, కొడుకును మాత్రం ఒక్కనాడూ గంప ముట్టుకోనివ్వలేదు.

ఆస్పత్రిలో చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచాడు. చాలన్నా వినకుండా ఇంకో రెండుసార్లు లేచాడు. షుగరు హద్దులోకి దిగింది.

"ఎముక సంగతి ఇప్పుడే చెప్పలేం. దానికి ఏడాదైనా పడుతుంది. అందాకా మోయడం మానకండి" అని ఆశగారు కాగితం మీద సంతకం పెట్టారు.

ఎల్లారావు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చిట్టమ్మతో కలిసి గుమ్మం దాటాడు. "సిట్టమ్మా, రేపట్నుంచి క్రేనెక్కుతాను!"

"ఎక్కు మావా. రెండింటికి గదా నీ డ్యూటీ? ఆరింటికల్లా హార్బరుకాడ ఉండు. డాక్టరమ్మ ఏడాదంది, ఇన్నావు గదా" అంది చిట్టమ్మ. "ఇంక నీకాడ దాపరికమేటి? రేపు నీ గంప పదిహేను కిలోలు."