రెండు భాషల జామ

రెండు వారాల కిందట ఒక ఆదివారం, భోజనాలయ్యాక కళ్ళు మూతలు పడుతున్న వేళ, స్మృతి నగర్‌లోని మా ఇంటి ముందుగదిలోకి జామపండు వాసన వచ్చింది. వీధిలో బండి వెళ్తే వచ్చే వాసన కాదు. బాగా మాగి, తొడిమ దగ్గర పసుపు తిరిగి, ఇంకొక్క పూట ఉంచితే పురుగు పడుతుందేమో అనిపించే పండు ఉంటుందే, దాన్ని ముక్కు దగ్గరే చీల్చినట్టు వచ్చింది. వచ్చింది ఎక్కణ్ణించో తెలుసా, బీరు సీసాలోంచి. నవ్వకండి. అరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా మందు సీసా మూత తీసిన చప్పుడు కూడా దగ్గరగా వినని నేను, ఆ రోజు దాని రుచికి తీర్పు చెప్పడానికి కూర్చున్నాను.

సీసాలు తెచ్చింది మా మేనకోడలు, మా తమ్ముడి కూతురు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఛత్తీస్‌గఢ్‌లోనే కాబట్టి తెలుగు కంటే హిందీయే దాని నోట్లో బాగా తిరుగుతుంది. మంచి ఉద్యోగం చేస్తూ చేస్తూ అది మానేసి, స్నేహితురాలితో కలిసి రాయపూర్‌లో చిన్నగా బీరు తయారీ మొదలుపెట్టింది. పెద్ద కంపెనీల సరుకులా కాదట, కొద్దికొద్దిగా, దగ్గరుండి, ఈ ప్రాంతపు పండ్లు వేసి చేస్తారట. మనవైపు దీన్నే సారా కాయడం అంటారే అని నేను ఏడిపిస్తే, "క్రాఫ్ట్ బోలో అత్తా, క్రాఫ్ట్!" అని మూతి ముడుస్తుంది. మొదటి పండుగా జామని ఎంచుకుని, దానికి 'జామ్' అని పేరు పెట్టింది. మనకి జామ అంటే పండు, హిందీ వాళ్ళకి జామ్ అంటే మందు గ్లాసు. ఒక్క మాటలో రెండూ కలిసొచ్చాయని మురిసిపోతూ ఆ లేబుల్ తీసుకెళ్ళి వాళ్ళ నాన్నకి చూపిస్తే, వాడు కంచం ముందునుంచి లేచిపోయాడు.

మరుసటి శనివారం వాళ్ళ దుకాణం తెరవడం. నాన్న రాకపోతే తలుపే తియ్యనని అది, ఆ పేరున్న గడప తొక్కనని వాడు. చివరికి ఎలాగో ఒక మెట్టు దిగి, "మా అక్కని తాగి చూడమను, బాగుందని తను అంటే వస్తాను" అన్నాడట. నేను ముట్టనని వాడి ధీమా. ఒకవేళ ముట్టినా వాడి మనసుకి వ్యతిరేకంగా చెప్పనని ఇంకా ధీమా. అందుకే ఆ పిల్ల రెండు సీసాలు, నాలుగు పొట్టి గ్లాసులు, నాలుక కడుక్కోవడానికి బ్రెడ్డు ముక్కలు, నీళ్ళు ముందు పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. వాడేమో కిటికీ దగ్గర కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా కూర్చున్నాడు.

ముందు రంగు చూడాలట, తర్వాత వాసన, ఆ తర్వాతే గుక్క. మొదటి గ్లాసు లేత గులాబీ రంగులో, పైన నురగతో ఎంతో ముద్దుగా ఉంది. నోట్లో పోసుకుంటే మాత్రం తియ్యగా, చల్లగా, పెళ్ళిళ్ళలో పిల్లలకిచ్చే కూల్ డ్రింకులా జారిపోయింది. రెండోది చూపుకి మసకగా, గడ్డి రంగులో ఉంది. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ తర్వాత కాసేపు నేను స్మృతి నగర్‌లో లేను.

చిన్నప్పటి క్యాంప్ 1లో, ఉక్కు ప్లాంటు పనివాళ్ళ బస్తీలో ఉన్నాను. నా ఈడు వాళ్ళకి ఆ ఇళ్ళు గుర్తుండే ఉంటాయి. గోడకి గోడ, గుమ్మానికి ఎదురు గుమ్మం, ఒక ఇంట్లో పోపు వేస్తే మూడిళ్ళలో తుమ్ములు. శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్న ప్లాంటు పనికి వచ్చి, బొగ్గు కాల్చే కోక్ ఒవెన్ల పైన పనిలో కుదురుకున్నారు. కింద నిప్పుల గదులు, పైన వీళ్ళ నడక. బూట్లకి అడుగున చెక్క చెప్పులు కట్టుకుంటే గాని కాలు మోపలేని చోటు. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, జామకాయ కోసుకుని ఉప్పూ కారం అద్దుకుని తినడమే ఆయనకున్న ఒకే ఒక్క విలాసం. గొంతులో పట్టుకున్న బొగ్గు వాసన జామకాయతో తప్ప దిగదనేవారు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళ మధ్య గింజలు పటపటమంటాయి. ఆకాశం ఒకవైపు ప్లాంటు మంటలకి ఎర్రబడేది, మా నాన్న చేతిలో సగం కాయ, నా చేతిలో సగం, మా తమ్ముడికి గింజల్లేని అంచు.

మా పక్కింట్లో బిహార్ నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. ఆవిడని మా అమ్మ దీదీ అనేది, మేము చాచీ అనేవాళ్ళం. ఆయన మా నాన్న పనిచేసే చోటే చార్జ్‌మన్, అంటే ఆ పనివాళ్ళందరి మీదా పెద్ద. క్రేన్ నడపడం నేర్చుకోవడానికి ఎవర్ని పంపాలో పైవాళ్ళు ఆయన్నే అడిగేవారు. మా నాన్నకి ఆ క్రేన్ అంటే ప్రాణం. క్రేన్ గదిలో కూర్చుని పని, కాళ్ళ కింద నిప్పులుండవు. ఆ ఏడు తన పేరు వస్తుందని రోజూ అమ్మతో అనేవారు.

మా అమ్మ హిందీ అప్పుడే మొలకెత్తుతోంది. తెలుగు మాటకి చివర హై తగిలిస్తే పని జరిగిపోతుందని ఆవిడ నమ్మకం. ఒకనాడు ఇద్దరూ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుకుంటూ మగవాళ్ళ తిండి గురించి మాట్లాడుకుంటుంటే, మా అమ్మ ఎంతో గర్వంగా, "ఇన్‌కో రోజ్ శామ్‌కో జామ్ హోనా దీదీ. జామ్ నై తో నీంద్ నై!" అంది. రోజూ సాయంత్రం జామకాయ లేందే ఈయనకి నిద్ర పట్టదని ఆవిడ భావం. చాచీ చేతిలో చేట ఆగిపోయింది. "రోజ్?" అంది. "రోజ్!" అంది మా అమ్మ, నవ్వుతూ.

నేను అక్కడే ఉన్నాను. నాకు పదేళ్ళు. బడిలో హిందీ వచ్చేసింది, టీ కొట్టు రేడియోలో జామ్ అన్న మాట ఎన్నిసార్లో విన్నాను. వాళ్ళ భాషలో జామపండుని అమ్‌రూద్ అంటారని, జామ్ అంటే మందు గ్లాసే అని నాకు తెలుసు. భలే నవ్వొచ్చింది. ఇంట్లోకి వెళ్ళాక అమ్మకి చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆ సాయంత్రమే చాచీ నన్ను పిలిచి, దగ్గర కూర్చోబెట్టుకుని, నెయ్యి ఓడుతున్న సూజీ హల్వా పెట్టింది. తల దువ్వింది. ఆవిడకి ఆడపిల్లల్లేరు. మా అమ్మకి చాకిరీలో తల దువ్వే తీరిక ఎక్కడిది, రెండు జడలు బరబరా లాగి పంపించేది. చాచీ చెయ్యి మాత్రం ఎంత మెల్లగా తిరిగేదో చెప్పలేను. మర్నాడూ పిలిచింది, ఆ మర్నాడూ పిలిచింది. ఒకరోజు నా గడ్డం పైకెత్తి, మీ నాన్న కొడతాడా తల్లీ అని అడిగింది. మా నాన్న జన్మలో నా మీద చెయ్యెత్తలేదు. నేను కాదనలేదు, ఔననలేదు, తల దించుకున్నాను. ఆ రోజు హల్వాలో జీడిపప్పు కూడా పడింది.

ఇంకోవైపు మా నాన్న మహా సంబరంగా ఇంటికి వచ్చేవారు. "ఏటోనే, ఆ సార్జిమేనుకి నానంటే ఎంత పేమో! రోజూ మొగంలో మొగం పెట్టి మరీ పలకరిస్తన్నాడు" అని అమ్మతో చెప్పుకుని మురిసిపోయేవారు. ఆ చార్జ్‌మన్ మా నాన్న నోరు వాసన చూస్తున్నాడని నాకు అర్థమైంది. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు తాగి వచ్చాను.

క్రేన్ పేర్లు వచ్చాయి. అందులో మా నాన్న పేరు లేదు. ఆ సాయంత్రం ఆయన జామకాయ కొయ్యలేదు, అరికాళ్ళకి కొబ్బరినూనె రాయించుకుంటూ ఊరికే కూర్చున్నారు.

సంగతి తేలింది ఆ తర్వాత పది రోజులకి. పళ్ళ గంపతో వచ్చిన ఛత్తీస్‌గఢీ అవ్వ దగ్గర మా అమ్మా చాచీ కలిసి బేరమాడుతుంటే, మా అమ్మ ఒక కాయ తీసి చూపించి, ఆయనకి రోజూ ఉండాలన్నది ఇదే దీదీ, జామ్ అంది. చాచీ బిత్తరపోయింది. ఆ అవ్వ మాత్రం తాపీగా, "హౌ, బిహీ కహో కి జామ్ కహో, ఏకే హే" అంది. బిహీ అన్నా జామ్ అన్నా ఒకటేనట, ఛత్తీస్‌గఢీ వాళ్ళు కూడా ఈ పండుని జామ్ అనే అంటారు కదా. చాచీ అక్కడే మెట్టు మీద కూలబడి, నవ్వీ ఏడ్చీ మా అమ్మ చేతులు పట్టుకుంది. చార్జ్‌మన్ వచ్చి మా నాన్నకి క్షమాపణ చెప్పుకున్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా నాన్నే. అది మా ఇంటి హాస్యకథ అయిపోయి, ప్రతి పెళ్ళిలో, ప్రతి పురుట్లో ఎవరో ఒకరు చెప్పడం, అందరూ పొట్ట పట్టుకోవడం. క్రేన్ మాత్రం ఆయనకి మళ్ళీ మూడేళ్ళకి గాని రాలేదు. నీకు తెలుసా అని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ కథకి నవ్వని వాడు మా తమ్ముడొక్కడే. అప్పటికి వాడికి ఆరేళ్ళు. మాట వీధిలోకి పాకి, పిల్లలు వాణ్ణి 'పియక్కడ్ కా బేటా' అని పిలిచేవారు, అంటే తాగుబోతు కొడుకని. పెద్దవాళ్ళకి నిజం తెలిశాక కూడా పిల్లలు మానలేదు, వాళ్ళకి ఆ పేరు నోటికి బాగా పట్టేసింది. చొక్కాలు చింపుకుని ఇంటికి వచ్చేవాడు. చొక్కా చిరిగిందని దెబ్బలు తినేవాడు గాని, ఎందుకు కొట్టుకున్నాడో చెప్పేవాడు కాదు. ఇంత వయసొచ్చినా మందు ఉన్న చోట వాడు కూర్చోడు.

"అత్తా! సో గయీ క్యా?" అని, నిద్రపోయాననుకుని, మేనకోడలు నా మోకాలు కదిపింది. రెండో గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఒక గుక్క తీసుకున్నాను. తీపి అన్నది లేదు. పండులోని తీపంతా పులియబెట్టే ఈస్టు తినేస్తుందట, వాసనే మిగులుతుందట. ముందు కాస్త పులుపు, ఆ వెనక తొక్క, గింజ, చివర్న నాలుక అంచుల మీద పచ్చికాయ వగరు. వగరు అంటే ఏమిటని అడిగింది. నాలుక్కి చొక్కా తొడిగినట్టుంటుంది చూడు, అదీ అన్నాను. నోరంతా తడుముకుని, అర్థమైనట్టు తలూపింది.

"సచ్ బోల్నా అత్తా. మొహమాటం వద్దు, నాకోసం వద్దు, పాపా కోసం వద్దు" అంది.

మొదటిది పిల్లల పానకం, పారబొయ్యి అన్నాను. రెండోది బాగుంది, జామ జామలాగే ఉంది అన్నాను. పేపరు కిందికి దిగింది. "అయితే రావాలన్నమాట" అన్నాడు వాడు, కోర్టుకి వెళ్ళేవాడిలాగ. వాడి మొహం చూశాను. మాటిచ్చాడు గనక వస్తాడు, ఆ బోర్డు కింద మళ్ళీ ఆరేళ్ళవాడై, పిడికిళ్ళు బిగించుకుని నిలబడతాడు. ఆ పిల్ల కోరుకున్నది అది కాదు. నా నోరు అప్పుడు విప్పకపోతే ఇంక ఎప్పుడు విప్పుతాను?

చెప్పేశాను. హల్వా, దువ్వెన, తల దించుకోవడం, కుండలో నీళ్ళు, అన్నీ. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"ఏటక్కా? తెలిసీనా?" అన్నాడు. ఎన్నో ఏళ్ళయింది వాడి నోట ఆ యాస విని. "ఓరి బాబూ, హల్వా కోసమా!"

హల్వా కోసమే కాదురా, ఒకరు నన్ను అంత ముద్దు చెయ్యడం అదే మొదలు, పోతుందేమోనని భయం వేసింది అన్నాను. వాడు పేపరు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. నాన్నకి ఏ పాపం తెలీదు, అమ్మకీ తెలీదు, ఆ జామ్ అన్న మాటకీ ఏ పాపం తెలీదు అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, నావైపు చూడకుండా, శనివారం ఎన్ని గంటలకని కూతుర్ని అడిగాడు.

వెళ్ళాడు. మేనకోడలు ఫోటో పంపింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జామ్ అని రాసిన బోర్డు కింద, కూతురి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, నవ్వుతున్నాడు కూడా. నవ్వితే అచ్చం మా నాన్నే. ఈ కాలపు పిల్లలు ఒక మాటకి రెండర్థాలుంటే రెండిటినీ కలిపి లైట్లు పెట్టి తలుపు మీద వేలాడదీసుకుంటున్నారు. మేము ఒక గోడకి అటూ ఇటూ ఉండి, నాలుగు భాషల మధ్య తిరుగుతూ, రెండో అర్థాన్ని కడుపులో పెట్టుకుని ముసలివాళ్ళమయ్యాం. వాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.

పాలు స్టవ్వు మీద పెట్టే వేళకి రోజూ వాడి ఫోను వచ్చేది, లేచావా అక్కా అని. మా అమ్మ పోయిన నాటి నుంచి ఒక్కరోజు తప్పలేదు. ఆ ఆదివారం తర్వాత రాలేదు. నేనే చెయ్యొచ్చు, నంబరు దాకా వెళ్ళి ఆగిపోతున్నాను. ఆ వీధిలో వాడు అన్నేళ్ళు ఒంటరిగా దెబ్బలాడాడు, నేను రెండు వారాలు ఎదురుచూడలేనా అనుకుంటాను. పాలు కాగి, స్టవ్వు ఆర్పేశాక కూడా, కాసేపు అక్కడే నిలబడుతున్నాను.