గుండీల జేబెజ్‌కి పాదిరిగారి జవాబు

రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలయ్యాక లండన్‌లో ప్రతివాడికీ దేవుడి మనసు తెలిసిపోయింది. గుండీలు చేసుకునే జేబెజ్‌కి మాత్రం ఎందుకు తెలియకూడదు? పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం తప్పంటూ ఒక చిన్న పుస్తకం రాసి పడేశాడు. దాన్ని అతని పెళ్లాం థామసిన్, సెయింట్ పాల్ చర్చి ఆవరణలో నా బల్ల పక్కనే తన బల్ల మీద పెట్టి అమ్మింది. మా ఇద్దరిదీ ఒకటే వ్యాపారం. పార్లమెంటుని పొగిడే పుస్తకాలు బల్ల మీద, రాజుని పొగిడేవి గౌను మడతల్లో.

కొద్దిరోజులకే పుస్తకాన్ని నిషేధించి, తలారి చేత నడిబజారులో తగలబెట్టించారు. జేబెజ్‌ను జైల్లో వేశారు. జైలు అతనికి పెద్ద కష్టమేమీ కాలేదు. ఇంట్లో కంటే అక్కడే అతని ప్రసంగం వినేవాళ్లు ఎక్కువ. కానీ పుస్తకం కాలిపోయిందని తెలియగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. థామసిన్ పట్టుకెళ్లిన రొట్టె, జున్ను జైలు కాపలావాడు తినేవాడు.

"మాట్లాడటమే మానేశాడక్కా. ఇలాగే ఉంటే ఇక నాకు దక్కడు" అని నా దగ్గర బావురుమంది. పెళ్లయిననాటి నుంచీ "కాస్త నోరు మూసుకోవయ్యా" అని మొత్తుకున్నదీ ఈవిడే!

మళ్లీ అచ్చు వేయమంటే అచ్చువాళ్లు తలుపులేసుకున్నారు. అప్పుడామెకి పాదిరి హాల్డెన్‌గారు గుర్తొచ్చారు. నచ్చని పుస్తకానికి ఖండన రాస్తేగానీ ఆయనకి తిన్నది అరగదు. ఖండన అంటే ఎదుటివాడి మాట ఒక పేరా దించడం, దాని కింద చీవాట్లు పెట్టడం, మళ్లీ ఇంకో పేరా దించడం. దానికి నిషేధం ఉండదు.

ఆయన మా బల్లల దగ్గరికి రాగానే థామసిన్ చేతులు కట్టుకుంది.

"మా ఆయన పుస్తకానికి మీరు జవాబు రాస్తున్నారట కదా, అయ్యగారూ?"

"ఆ చెత్తకా? అది కాలిపోయిందిగా."

"నేనూ అదే అన్నానండీ. జనం వింటేనా! పాదిరిగారికి జవాబు దొరక్కే తలారిని పిలిచారంటున్నారు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరన్నారా మాట?"

"పేర్లెందుకులెండి. ఒకవేళ రాసినా, గట్టి వాదనలు దాటేసి మెత్తవే పట్టుకుంటారట."

"ఒక్క ముక్క దాటెయ్యను! ఏదీ, పుస్తకం ఉందా?"

రొట్టెల బుట్ట అడుగున దాచిన ఆఖరి ప్రతిని తీసి ఇచ్చేసింది. ఆయన బంట్రోతులను కేకేస్తే ఆమెకీ జైలే. పాదిరిగారు అప్పటికే మొదటి పేజీ చూసి పళ్లు కొరుకుతున్నారు.

ఆయన మాట మీద నిలబడ్డారు. జేబెజ్ రాసిన ప్రతి వాక్యమూ ఆ లావాటి ఖండనలో అచ్చయింది. కొన్నవాళ్లంతా చీవాట్లు వదిలేసి మధ్యలో ఉన్న జేబెజ్ మాటలే చదువుకున్నారు.

"చూశావా, సత్యానికెంత గిరాకీయో!" అన్నారు పాదిరిగారు పొంగిపోతూ.

"అంతా తమ దయండీ" అంది థామసిన్. నాకు దగ్గు నటించక తప్పలేదు.

ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరం జైలుకి వెళ్లాం.

"ఇటు తిరుగయ్యా. నీ మాటలన్నీ ఇందులో బతికే ఉన్నాయి" అంది.

జేబెజ్ మెల్లగా తిరిగాడు. తన పేరాలు చూసుకుని కళ్లు తుడుచుకున్నాడు. చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చింది. తర్వాత పాదిరిగారి పేరాలు మొదలుపెట్టాడు. గొణిగాడు. లేచి కూర్చున్నాడు.

"ఒసే థామసిన్! నేను చెప్పిందేంటి, ఈ మూర్ఖుడు రాసిందేంటి? సిరా పట్రా!"

"ముందు తిను."

"తింటూ రాస్తాను, పట్రావే!"

రొట్టె నోట్లో కుక్కుకుని పాదిరిని తిట్టడం మొదలెట్టాడు. తుంపర్లు మా మొహాల మీద పడుతున్నా థామసిన్ తుడుచుకోలేదు.

"కాస్త నోరు మూసుకోవయ్యా!" అని పక్క గదిలోంచి ఎవరో అరిచారు.

"నువ్వే మూసుకో!" అంది థామసిన్.