మసీదు తొట్టిలో కాళ్లు

నర్సీపట్నంలో కొత్త మసీదు కట్టాక చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం దాన్ని విసనకర్ర మసీదు అనేవాళ్లం. దానికి గుమ్మటం లేదు. సిమెంటు కప్పునే తాటాకు విసనకర్రలాగా మడతలు మడతలుగా పోశారు. ఆ మడతల సందుల్లోంచి వెలుగు సన్నటి చారలుగా కిందికి దిగేది. అలాంటిది విశాఖపట్నంలో కూడా లేదని చెప్పుకునేవారు. సంతకి వచ్చినవాళ్లు తట్టలు దించుకుని, రోడ్డు మీద నిలబడి చూసి మరీ వెళ్లేవారు.

నేను వెళ్లింది చూడడానికి కాదు. మూడేళ్ల మా చిన్నపిల్లకి దడుపు పట్టింది. చెరకు బళ్ల దగ్గర ఎద్దు మీదికి రాబోతే జడుసుకుంది. అప్పటినుంచి తిండి లేదు, నిద్రలో కేక పెట్టి లేచేది. ఆసుపత్రి మందు అయింది, వేపమండల మంత్రమూ అయింది. నమాజు చేసి బయటికి వచ్చేవాళ్లు నెత్తిన ఊదితే పిల్లల దడుపు పోతుందని మావైపు నమ్మకం. మా అత్త తన పిల్లలందరికీ పాత మసీదు గుమ్మంలో అలాగే ఊదించింది. పిల్లనెత్తుకుని ఆవిడ వెంట మాకవరపాలెంలో బస్సెక్కాను. పొలంలో నీళ్లు కట్టి అటునుంచి అటే వచ్చానేమో, మడమల పైదాకా ఎర్రమట్టి.

మేం వెళ్లేసరికి నమాజుకి ఇంకా టైముంది. అత్త గేటు బయట చీడీ అరుగు మీద కూర్చుని వక్క నములుతోంది. ఆడవాళ్లు అక్కడే ఆగాలని ఆవిడకి తెలుసు, నాకు చెప్పలేదు. గేటు తీసి ఉంది. లోపల నేలకి సమానంగా తెల్లరాతి అంచుతో పెద్ద నీళ్లతొట్టి కనబడింది. కప్పు మడతలన్నీ ఆ నీళ్లలో కదలకుండా ఉన్నాయి. పిల్లకి చూపిద్దామని దగ్గరికి వెళ్లాను.

దేవుడి చోటికి కాళ్లు కడుక్కోకుండా వెళ్లకూడదు. నాకు తెలిసిన మర్యాద అదొక్కటే. అంచున కూర్చుని రెండు కాళ్లూ నీళ్లలో పెట్టాను. ఒక మడమతో రెండో పాదం గట్టిగా రుద్దుకున్నాను. పిల్ల కాళ్లు కూడా ముంచాను. ఎర్రమట్టి పొగలా విచ్చుకుంటూ తొట్టి నడిమికి పోయింది. కప్పు మడతలు చెదిరిపోయాయి.

“తల్లీ, తల్లీ” అంటూ ముసలి సాయిబుగారు లోపలినుంచి వచ్చారు. కోపంగా అనలేదు. “నమాజుకి ముందు ఆ నీళ్లే నోట్లో పోసుకుంటామమ్మా. కాళ్లు అందులో పెట్టకూడదు.”

కాళ్లు తీసేశాను. కానీ మట్టిని ఎలా తీయను? అలా చేయకూడదని గోడమీద తెలుగులోనే బోర్డు ఉందని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు అక్షరం రాదు.

ఒక్కొక్కరే వస్తున్నారు. తొట్టి చాలా పెద్దది, నీళ్లు పాడవలేదని సాయిబుగారు వాళ్లకి చెప్పారు. నిజమే కావచ్చు, కానీ ఎర్రనీళ్లు ఎవరు పుక్కిలిస్తారు? కుళాయిలు ఇంకా బిగించలేదు. అందరూ రోడ్డవతల బోరింగు దగ్గరికి వెళ్లారు. నా జాకెట్లు కుట్టే టైలరు కూడా వాళ్లలో ఉన్నాడు. అందరికీ ఆయనే బోరింగు కొట్టాడు. ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

బయటికి వచ్చి అత్త చెయ్యి పట్టుకున్నాను. “ఎల్లిపోదాం అత్తా. ఆల్ల ముందు నిలబడలేను.”

“ఏటే, ఊదించకండానా? బస్సుకి డబ్బులు ఊరకే వచ్చాయేటి?”

“నాకు సిగ్గుగా ఉంది.”

“సిగ్గు నీకు, దడుపు పిల్లకి. ఏ రోగానికి వచ్చామో సెప్పు.”

నమాజు అయ్యేదాకా నిలబడ్డాను. పైట ముఖం మీదికి లాక్కుని, పిల్లని మాత్రం ముందుకి పట్టాను. వాళ్లు బయటికి వస్తూ ఒక్కొక్కరూ ఆగి ఊదారు. నాకు వాళ్ల పాదాలే కనబడ్డాయి. బోరింగు దగ్గరి బురద చిమ్మి కొందరి పంట్లాం అంచులు తడిసి ఉన్నాయి. పిల్ల ఏడవలేదు. ఊదినప్పుడల్లా కళ్లు మూసి తెరిచింది.

చివరికి సాయిబుగారు వచ్చి ఊదారు. అత్త ఊరుకోలేదు. “ఆ సేత్తోనే నా కోడలికి కూడా ఊదండి బాబూ. సిగ్గుతో సచ్చిపోతంది.”

వాళ్లు నవ్వారు. మంచి నవ్వే. నేను మాత్రం పైట ఇంకా కిందికి లాక్కున్నాను. తిరుగు బస్సులో అత్త ఆ కథంతా ఎక్కినవాళ్లకల్లా చెప్పింది.

వారం తిరిగేసరికి పిల్ల అన్నం అడిగి తింది. మళ్లీ ఊదించాలని అత్త అంటే ఆవిడనే పంపాను. నర్సీపట్నం వెళ్లినా మసీదు వీధికి వెళ్లేదాన్ని కాదు. టైలరు కొట్టు ఆ వీధిలోనే. నా జాకెట్లు వేరేచోట కుట్టించుకోవడం మొదలుపెట్టాను.

చాన్నాళ్లకి బస్టాండులో ఆయనే ఎదురయ్యాడు.

“ఏటమ్మా, మా కొట్టుకి రావడం మానేశారు? సంక కాడ బిగుతైతే సెప్పొచ్చు కదా, ఇప్పి కుట్టేవోడిని.”

ఆ బోరింగు సంగతి ఆయనకి గుర్తున్నట్టే లేదు. గుర్తున్నది నాకు. తల వంచుకుని “బస్సొచ్చేసింది” అన్నాను. బస్సు రాలేదు. ఆయన “సరేనమ్మా” అని వెళ్లిపోయాడు. తన కుట్టులోనే ఏదో తప్పుందనుకుంటూ వెళ్లి ఉంటాడు.