అయిదో బెజ్జం

ఫిజిక్స్ పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరయ్యాక నేను కొనుక్కున్నది పట్టుచీర కాదు, లోహాన్ని గిరగిరా తిప్పుతూ చెక్కే లేత్ మిషను, బల్ల మీద పట్టేంత చిన్నది. దాన్ని వరండాలో దింపిన రోజున మా అత్తయ్య నడుం మీద చెయ్యేసుకుని చూసి, "ఇంట్లో ఉన్న మోత చాలదనా?" అంది. ఉన్న మోత ఎవరిదో ఆవిడే చెప్పాలి.

తిరువూరు బజారులో పాత ఇత్తడి సామాన్ల కొట్టుకి ఇప్పుడు నేనే మహారాణిని. కడ్డీ ముక్కలు తెచ్చి బొంగరాలు చేశాను, కుక్కరు మూతకి పిడి చేశాను. కొలతల రుచి మరిగాక ఇంట్లో ఏ వంకర కనబడినా ప్రాణం ఊరుకోదు. చివరికి నా కన్ను అత్తయ్య జంతికల గొట్టం మీద పడింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గొట్టం. దాని అడుగు బిళ్ళకి అయిదు బెజ్జాలు. నాలుగు గుండ్రంగా ఉంటాయి, అయిదోది ఎలక కొరికినట్టుంటుంది.

ఆవిడ చెల్లెల్ని చూడ్డానికి విస్సన్నపేట బస్సెక్కింది. నేను బిళ్ళని మిషనెక్కించాను. పది నిమిషాల్లో అయిదు బెజ్జాలూ ఒకే కొలతకి వచ్చేశాయి, వెంట్రుకవాసి తేడా లేదు. ఆహా, నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు ఆవిడ తిరిగొచ్చి పిండి కలిపింది. మొదటి వాయి నూనెలోకి ఒత్తుతూ ఒత్తుతూ ఆగిపోయింది.

"వంకర పోగు ఏదే?"

"సరిచేశానత్తయ్యా" అన్నాను, మెచ్చుకుంటుందని.

స్టవ్వు కట్టేసింది. తిట్టలేదు. గొట్టం ఒళ్ళో పెట్టుకుని తనే చెప్పింది. కొన్నప్పుడు బిళ్ళకి నాలుగు బెజ్జాలేనట. పని తెమలడం లేదని వాళ్ళమ్మ సణిగితే, వాళ్ళ నాన్న మేకు పెట్టి కొట్టి అయిదోది చేశాడట. జంతికలు వండినప్పుడల్లా ఆ వంకర పోగు ఏరుకుని, "పాడుచేసినవాడే తినాలి" అంటూ సగం విరిచి తను తిని, మిగతా సగం కూతురికి పెట్టేవాడట.

"మా నాన్నది ఒక్క ఫోటో కూడా లేదే. ఆ బెజ్జమే ఉంది."

సిగ్గుతో చచ్చిపోయాను. కొత్త బిళ్ళ చేసి, అయిదో బెజ్జాన్ని ఆకురాయితో గీకి వంకర తెప్పించాలని చూశాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, "ఇదీ బుద్ధిమంతురాలే" అని పక్కన పడేసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. "వంకరకి కూడా కొలత చూసుకుంటున్నావేంటే!" అని నవ్వింది. మూడు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

నాలుగో బిళ్ళని పలచగా కోసి, నాలుగు బెజ్జాలే పెట్టాను. చెక్క మీద ఉంచి, ఉక్కు మేకూ సుత్తీ ఆవిడ చేతికిచ్చాను.

"నేనా? ఎనభై దాటాక?"

"మీ నాన్నగారి కూతురు మీరా, నేనా?"

మొదటి దెబ్బ చెక్కకి తగిలింది. రెండోది బిళ్ళ పట్టుకున్న నా వేలికి తృటిలో తప్పింది, నా అదృష్టం. మూడో దెబ్బకి మేకు దిగింది. అబ్బ, ఏం వంకర! మిషను మీద నేను జన్మలో చెయ్యలేను.

వెంటనే పిండి కలిపింది. వాయి దించి, వంకర పోగు ఏరి, సగానికి విరిచింది. ఒక ముక్క తన నోట్లో వేసుకుని, రెండోది నా నోటి దగ్గర పెట్టింది.

"నువ్వూ పాడుచేశావుగా, తిను."

నోరు చుర్రుమంది. అయినా ఉమ్మలేదు.