నాన్న చూపించిన అరుంధతి

పలాస స్టేషనులో రైలు దిగిన ప్రతిసారీ ముందుగా ముక్కుకు తగిలేది జీడిపిక్కలు కాల్చిన పొగ. ఘాటుగా, గొంతులో గరగరలాడే ఆ పొగ అక్కడివాళ్ళకు పట్టదు గానీ, మొన్న కూడా నా కాళ్ళు ప్లాట్‌ఫారం మీద ఒక్క క్షణం ఆగిపోయాయి. ఆ వాసన వెనకాలే మా ఉద్దానం వేసవులన్నీ వస్తాయి. వాటి వెనకాల, వద్దన్నా వినకుండా, నాకు పదేళ్ళు నిండిన ఏటి భయం వస్తుంది.

మా ఊరు వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. కొబ్బరిచెట్ల నీడలో జీడిచెట్లు, వాటి పక్కన పనసలు, మునగలు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగి, దగ్గరికొస్తేగానీ ఇల్లెక్కడుందో తెలిసేది కాదు. వేసవిలో జీడిపళ్ళ వగరు రసం గౌన్ల మీద మరకలై ఎంత ఉతికినా పోయేది కాదు, పచ్చి పిక్కలు ఒలిచి ఒలిచి పిల్లల వేళ్ళు పొక్కిపోయేవి, పనసపండు కోసిన రోజు ఇంటిల్లిపాదీ చేతులకు నూనె రాసుకుని దాని చుట్టూ చేరేవాళ్ళం. మామ్మ, అంటే నాన్న తల్లి, పనసగింజలు నిప్పుల్లో కాల్చి, మేం చేతులు చాచుకుని కూర్చుంటే, మొదటిది తన నోట్లోనే వేసుకునేది. "పళ్ళూడిపోయినోలు ముందు తినాల, మీకేటి తొందర" అనేది. చీకటి పడేవేళకు నులకమంచాలు వాకిట్లోకి వచ్చేవి. కొబ్బరాకుల మధ్య ఉత్తరం వైపు మా వాకిలికి దక్కిన ఆకాశం ఒక చాప పరిచినంతే. వేసవి సాయంత్రాలు సప్తర్షులు ఆ చాప మీదికే వచ్చేవారు.

వాళ్ళ తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, అతణ్ణి ఆనుకుని నలకంత కనిపించేది అరుంధతి. పెళ్ళిలో పురోహితుడు కొత్త జంటకు చూపించేది ఆమెనే. పట్టపగలు చూపించినా పరవాలేదు, కనపడిందని తలూపితే చాలు. మా ఊళ్ళో ఆ చుక్కకు ఇంకో పని కూడా ఉండేది. అరుంధతి కనపడనివాళ్ళు ఆరు నెలలకు మించి బతకరని పెద్దవాళ్ళ నమ్మకం. వీధికొకరు కిడ్నీ జబ్బుతో మంచాన పడుతున్న రోజులవి. మడమల దగ్గర కాస్త నీరు చేరిందంటే మనిషి ముందు చేసే పని పలాస వెళ్ళి పరీక్షకు రక్తం ఇవ్వడం కాదు, వాకిట్లో నిలబడి అరుంధతిని వెతుక్కోవడం. కనపడితే చెంబుడు నీళ్ళు తాగి నిశ్చింతగా పడుకునేవారు. రక్తపరీక్ష కాగితంలో నిజం ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే దాని జోలికి పోయేవారు కాదు.

ఆ వేసవిలో నాన్న మడమలు వాచాయి. తోటనుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక వేలితో నొక్కి చూసుకుంటే, పడిన గుంట పడినట్టే ఉండిపోవడం నేను చూశాను. అమ్మ కూడా చూసింది.

"పలాస ఎల్దాం మావా" అంది.

"సుక్క కనపడతంది కదే. నాకేటీ నేదు" అని నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని నా వైపు తిరిగాడు. "నీకు కనపడతందేటే గుంటా?"

నాకు కనపడలేదు. అరుంధతి సంగతి అటుంచి, సప్తర్షులే నీళ్ళలో పడ్డ పిండిలా అలుక్కుపోయి ఉన్నారు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను, అంతే. "కనపడతంది నాన్నా" అన్నాను.

వైశాఖం నుంచి ఆరు నెలలు వేళ్ళమీద లెక్కేసుకున్నాను. దీపావళికి ఉంటాను, నాగులచవితికి కష్టం. ఆ ఏటి నువ్వుల చిమ్మిలి నాకు దక్కదన్నమాట. పక్కింటి స్నేహితురాలికి నా గవ్వలన్నీ ఇచ్చేశాను, అది ఎందుకని కూడా అడగలేదు. స్నానం చేసేటప్పుడు మడమలు నొక్కి నొక్కి కందిపోయేవి. నాన్న మాత్రం రోజూ సాయంత్రం అదే ప్రశ్న అడిగేవాడు, నేను అదే అబద్ధం చెప్పేదాన్ని, ఆ మాట వినగానే ఆయన మొహం తేటపడేది.

బడి తెరిచాక, బోర్డు మీది లెక్కలు నేను తప్పుగా ఎక్కించుకుంటున్నానని మాస్టారు కనిపెట్టి కబురు పెట్టారు. అమ్మ టెక్కలి తీసుకెళ్ళి కళ్ళజోడు వేయించింది. వానలు, మబ్బులు పోయి శ్రావణంలో ఒక సాయంత్రం తెరిపి ఇచ్చింది. తల ఎత్తితే వశిష్ఠుడి కుడి పక్కన, కాస్త మీదుగా, అరుంధతి స్పష్టంగా ఉంది. నేను చావను. ఆ సంతోషం పట్టలేక నాన్న పక్కన చేరి, ఆటకే అడిగాను.

"ఎటు పక్కనుందో సెప్పు నాన్నా."

"కిందనే కదే. ఎప్పుడూ కిందనే."

కళ్ళజోడు తీసి ఆయన ముక్కు మీద పెట్టాను. పెట్టనిచ్చాడు. "ఆఁ, ఇప్పుడింకా బాగా కనపడతంది" అని మళ్ళీ కిందికే వేలు చూపించాడు. వేసవిలో అరుంధతి నిజంగానే కింద ఉంటుందనీ, సప్తర్షులు పడమటికి ఒరిగేకొద్దీ పక్కకు తిరుగుతుందనీ మరుసటి ఏడు చూస్తేగానీ నాకు తెలియలేదు. ఆ సాయంత్రం మాత్రం ఒకటే అర్థమైంది, నాన్న చూసి చెప్పడం లేదు, గుర్తున్నది చెబుతున్నాడు.

రెండు రోజులు అమ్మ వెనకాలే తిరిగాను. చెబితే నాన్నకు ఆరు నెలలే అని నా నోటితో అన్నట్టు. చెప్పకపోతే ఆ మడమలు అలాగే ఉంటాయి. మూడోరోజు కొబ్బరి కోరుతున్న అమ్మ దగ్గర కూర్చుని, నాన్నకు చుక్క కనపడడం లేదని చెప్పేశాను. కొట్టి ఉన్నా బాగుండేది. కొబ్బరిచిప్ప పక్కన పెట్టి, "ఎవులితోటీ అనకు" అని మాత్రం అంది. తెల్లారేసరికి సంచి సర్ది, "బస్సుకి ఎల్తన్నాం" అని నాన్న ముందు చొక్కా పెట్టింది. నాన్న నా వైపు చూసి తొడుక్కున్నాడు. నన్నూ వెంట తీసుకెళ్ళారు.

పలాసలో రక్తం తీశారు, అట్నుంచి అటే విశాఖపట్నం. జబ్బు ఉందన్నారు. మందులతో నెట్టుకు రావచ్చు, ఒక్క మూడు నెలల ముందు వచ్చి ఉంటే ఇంకా బాగుండేదన్నారు డాక్టరు. తిరుగు రైల్లో నాన్న కిటికీ బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు: "ఆ సుక్క నాకు కనపడక రెండేళ్ళవుతందే. నీకు కనపడతందన్నావు కదా. ఇంట్లో ఒకలికి కనపడితే సాలనుకున్నాను."

మూడు నెలలంటే వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం. నేను అబద్ధం చెప్పిన సాయంత్రాలన్నీ వాటిలోనే ఉన్నాయి. నాకూ అప్పుడు కనపడలేదని ఆ రైల్లోనే చెప్పెయ్యాల్సింది, చెప్పలేదు.

నాన్న ఇంకా తొమ్మిదేళ్ళు బతికాడు. చివరి రెండేళ్ళూ ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టానికీ, "మా గుంట సూపు మంచిది. నాకు కనపడనేదని అదే కనిపెట్టింది" అని చెప్పుకునేవాడు. నేను కాఫీ గ్లాసులు తీసే వంకతో లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన ఆ నమ్మకంతోనే పోయాడు.

ఇప్పుడు మా వాకిట్లో నులకమంచం లేదు, మామ్మ లేదు. మొన్నటి పెద్ద తుపానుకు కొబ్బరిచెట్లు వరసకు వరస పడిపోయి, ఆకాశం ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తోంది. కాళ్ళు వాచినవాళ్ళు నేరుగా పలాస వెళ్ళి రక్తం ఇస్తున్నారు, చుక్కను ఎవరూ వెతకడం లేదు, అదే మంచిది కూడా. చీకటి పడి చుక్కలు పొడిచేదాకా నేనొక్కదాన్నే మెట్ల మీద కూర్చున్నాను. ఎవరైనా వచ్చి కనపడుతోందా అని అడిగితే, లేదు, అప్పుడు కనపడలేదు అని చెప్పేద్దామనుకున్నాను. అడిగేవాళ్ళే లేరు.